చిల్లుల ఆకుకూర

క్రిందటి నెల మునగాకు గురించి రాసినప్పుడు మెల్‌బోర్న్ నుంచి ఒకావిడ అడిగారు: "మునగాకు మాకెక్కడ దొరుకుతుందండీ? మా మార్కెట్లో ఉండేవి కేల్, పాక్ చోయ్, ఇంకా పేరు తెలియని చైనా ఆకులు. వాటితో మన వంట ఏం చేస్తాం?"

ఆ ప్రశ్న నాకూ పాతదే. మలేషియా వచ్చిన కొత్తలో సంతకు వెళ్తే తోటకూర దొరికిందా లేదా అనే చూసుకునేదాన్ని. పక్కనే నిగనిగలాడుతున్న కట్టలు నావి కావన్నట్టు దాటిపోయేదాన్ని. ఏళ్ళ తరబడి అలాగే గడిచింది. ఈ ఏడాది మా అత్తగారు అనకాపల్లి నుంచి వచ్చి మూడు నెలలున్నారు. ఆ మూడు నెలల్లో ఆ ఆకులతో మా ఇంట్లో జరిగింది చెబుతాను. అందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది మీరెవరూ చెయ్యకూడదనే ముఖ్యంగా ఇది రాస్తున్నాను.

ప్రతి శనివారం పొద్దున్న ఏడింటికి మా కాండో గేటు దగ్గరికి ఒక పాత వ్యాను వస్తుంది. హులు లంగాట్ దగ్గర ఎకరంన్నర తోట ఉన్న ఒక చైనా ఆవిడ స్వయంగా నడుపుకుంటూ వస్తారు. అరవై దాటి ఉంటాయి. ఇక్కడ పెద్దావిడ ఎవరైనా ఆంటీయే కాబట్టి మేమూ ఆంటీ అనే పిలుస్తాం. 2020 మార్చి 18న ఇక్కడ లాక్‌డౌన్ పెట్టారు. మా దగ్గర సూపర్ మార్కెట్లలో కూరల అరలు ఖాళీ. అదే వారంలో కామెరాన్ హైలాండ్స్‌లో రైతులు అమ్ముకునే దారిలేక టన్నులకొద్దీ కూరగాయలు పారబోస్తున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. అప్పుడే మా కాండోలో కొందరం కలిసి ఆంటీ దగ్గర వారానికో బుట్ట మాట్లాడుకున్నాం.

బుట్టలో ఏం రావాలన్నది మన చేతిలో ఉండదు. ఆ వారం తోటలో ఏముంటే అదే. తోటకూర, తూటికూర, బెండకాయలు నేను ఉంచుకుని, సావి, కైలాన్ లాంటివి ఎదురు బ్లాకులో ఉండే టీచరమ్మకు ఇచ్చేసేదాన్ని. ఆవిడ ఏం చేసుకుంటారో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అత్తగారు వచ్చిన మొదటి శనివారం బుట్ట నేనే విప్పాను. కైలాన్ ఆకులనిండా చిల్లులు. ఆవిడ ఒక ఆకు తీసి కిటికీ వెలుగులో పట్టుకుని, దాంట్లోంచి నన్ను చూశారు.

"ఏటే ఇది? పురుగులు తినీసిన ఆకు డబ్బులెట్టి కొన్నావా?"

అనకాపల్లి బజారులో తోక విరిచి చూడకుండా బెండకాయ కొనని మనిషి. పసార్ మాలమ్‌లో, అంటే రాత్రి సంతలో, చిల్లు లేని సావి కట్ట రెండు మూడు రింగిట్లకు దొరుకుతుందనీ, దీనికి రెట్టింపు పైనే ఇస్తున్నామనీ తెలిశాక ఇంక ఆవిడను ఆపలేకపోయాం. మావారు మెల్లగా వరండాలోకి తప్పుకున్నారు. నాకూ కోపం వచ్చింది గానీ, చిల్లులు ఎందుకున్నాయో నేను మాత్రం సరిగ్గా చెప్పగలనా? "ఆర్గానిక్ అత్తయ్యా" అన్నాను. "ఆర్గానిక్ అంటే?" అన్నారు. తరవాతి ఆదివారం ఆవిడనే తోటకు తీసుకెళ్ళాను.

హులు లంగాట్ దారిలో ఊళ్ళపేర్లు 'బాతు 9', 'బాతు 14' అని ఉంటాయి. బాతు అంటే మలయ్‌లో రాయి, ఇక్కడ మైలురాయి. మా పిల్లలకు ఈ బోర్డులు వచ్చినప్పుడల్లా బాతులా అరవడం అలవాటు. అత్తగారు కూడా నవ్వారు, కాస్త మెత్తబడ్డారు.

తోట చూస్తే తోటలా ఉండదు. ఎత్తైన మడులు, కొన్నింటిమీద ప్లాస్టిక్ కప్పు, కొన్నింటి చుట్టూ దోమతెరలాంటి సన్నటి వల. కప్పు ఎందుకంటే ఇక్కడ ఏడాది పొడుగునా వాన. కౌలాలంపూర్ ప్రాంతంలో ఏడాదికి రెండున్నర మీటర్ల వాన పడుతుంది. లేత సావి నారుమీద ఒక్క సాయంత్రపు వాన కొడితే మట్టిలో కలిసిపోతుంది. క్యాబేజీ కుటుంబానికి చలి ఇష్టం. అందుకే ఈ దేశంలో క్యాబేజీ ఎక్కువగా కామెరాన్ హైలాండ్స్‌లో, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున పండిస్తారు. కింద, ముప్పై డిగ్రీలు దాటే ఎండలో, తల కట్టే క్యాబేజీ కుదరదు. ఆకు వేసే రకాలు మాత్రం వస్తాయి. సావి గింజ వేసిన నెల రోజులకే కోతకొస్తుంది. కైలాన్‌కు ఇంకో రెండు వారాలు.

అత్తగారు నేరుగా కైలాన్ మడి దగ్గరికి వెళ్ళి ఆకు తిరగేశారు. ఆంటీ పక్కన చేరి చిన్న చిన్న గుండ్రటి చిల్లులు చూపించారు. అవి ఆవగింజంత నల్లటి పెంకుపురుగు పని. ముట్టుకుంటే మిడతలా ఎగిరిపోతుంది. ఇంకో ఆకుమీద పచ్చదనం గీకేసి, పలచటి గాజుపొరలా మిగిలిన మచ్చలు. అది డైమండ్ బ్యాక్ మాత్ అనే చిన్న చిమ్మెట పిల్లల పని. రెక్కలు ముడుచుకుంటే వీపుమీద వజ్రాల వరస ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. మన వైపు క్యాబేజీ, కాలీఫ్లవర్ రైతులకు దీని సంగతి బాగా తెలుసు. మందులకు లొంగకపోవడంలో ఇది ప్రపంచప్రసిద్ధం. 1950ల మొదట్లోనే పక్కనున్న జావా ద్వీపంలో డీడీటీకి లొంగలేదు. తరవాత వచ్చిన మందులనూ ఒక్కొక్కటిగా ఓడిస్తూ వచ్చింది. కామెరాన్ రైతులు మందుమీద మందు కొట్టడానికి పెద్ద కారణం ఇదే. 1970లలో ఈ పురుగులోనే గుడ్లు పెట్టి చంపే ఒక చిన్న కందిరీగ జాతిని తెచ్చి కామెరాన్‌లో వదిలారు. అది అక్కడ నిలదొక్కుకుంది కూడా. కానీ మందు ఎక్కువైతే పురుగుకంటే ముందు పాపం ఆ కందిరీగే చస్తుంది.

ఆంటీకి ఇంగ్లీషు తక్కువ, మాకు కాంటనీస్ రాదు, అందరికీ వచ్చింది ముక్కలు ముక్కల మలయ్. ఆవిడ చేతులు ఊపుతూ "తక్ అడ రాచున్, తక్ అడ రాచున్" అన్నారు.

"రాచున్ అంటే?" అని అత్తగారు అడిగారు.

"విషం అత్తయ్యా. పురుగుల మందుని వీళ్ళు అలాగే అంటారు. విషం లేదు అంటున్నారు."

అత్తగారు కాసేపు మాట్లాడలేదు. మనవైపు దాన్ని 'మందు' అంటాం. చేనుకు మందు కొట్టడం. జ్వరం వస్తే మనిషికి వేసేదీ మందే. మా మావయ్యగారు ఉద్యోగంలో చేరకముందు వంగతోటకు మందు కొట్టి, కళ్ళు తిరిగి గట్టుమీద పడిపోయిన సంగతి అత్తగారు దారిలో తిరిగొస్తూ చెప్పారు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా నాకు ఆ కథ తెలియదు.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. ఇక్కడ వ్యవసాయ శాఖ ఇచ్చేది మైఆర్గానిక్. ఆంటీకి అదుంది. ప్యాకెట్లమీద ఎక్కువగా కనిపించే మైగ్యాప్ వేరు. అది మంచి వ్యవసాయ పద్ధతులకు ఇచ్చే గుర్తింపు, మందు పరిమితుల్లో వాడొచ్చు. రెండూ ఒకటే అనుకుని నేను చాలాకాలం కొన్నాను. అలాగే ఆర్గానిక్ అంటే ఏమీ కొట్టరని కాదు. ఆంటీ వేప కషాయం కొడతారు. గొంగళిపురుగులను మాత్రమే చంపే ఒక రకం బాక్టీరియా పొడి కూడా అవసరమైతే వాడతారు. అన్నిటికంటే ఎక్కువగా నమ్ముకున్నది పంట మార్చడాన్ని. కైలాన్ తీసిన మడిలో తోటకూరో, అలసందలో వేస్తారు. పురుగుకు తిండి దొరక్కుండా. అయినా చిల్లులు పడతాయి.

ఇంటికి వచ్చాక కైలాన్‌ను ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. టీచరమ్మను పిలిచాను.

టీచరమ్మ తాతగారు దిగువ పేరాక్‌లో బాగన్ దాతోకు వైపు కొబ్బరితోటల్లో పనికని వచ్చినవారు. మలేషియా తెలుగువాళ్ళలో చాలామందిది అదే దారి. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, కొబ్బరి, రబ్బరు తోటల్లో దిగి, అక్కడే ఉండిపోయినవాళ్ళు. 1955లో ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. టీచరమ్మ అప్పుడు పడుచుపిల్ల, వలంటీరుగా బ్యాడ్జీ పెట్టుకుని తిరిగారట. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలుస్తాయి. నేను మాట్లాడే తెలుగు ఆవిడకు రేడియో తెలుగులా ఉంటుందట. కానీ అత్తగారు "ఏటమ్మా, బాగున్నారా?" అనగానే టీచరమ్మ ముఖం మారిపోయింది. "మా నాయనమ్మ ఇలాగే మాట్లాడీది" అన్నారు. ఆ తరవాత గంటసేపు వంటింట్లో నేను అవసరం లేని మనిషినైపోయాను.

తోటల్లో కూలీలైన్ల వెనక ఉన్న కాస్త జాగాలోనే అందరూ ఆకుకూరలు వేసుకునేవాళ్ళట. మునగ, కరివేపాకు ఎలాగూ ఉంటాయి. పక్క చైనా ఇంటివాళ్ళు ఇచ్చిన సావి నారు కూడా వేసేవాళ్ళు. దాన్ని ఎండురొయ్యలతో వేపుడు చేసేవారట. కాస్త చేదుండే సావి పహిత్‌ను (పహిత్ అంటే చేదే) చింతపండు పోసి పులుసు. కైలాన్‌ను పెసరపప్పుతో పొడికూర. ఇన్నేళ్ళూ నేనిచ్చిన కట్టలన్నీ ఆవిడ ఇంట్లో ఇలా అయిపోయాయన్నమాట.

సావి పహిత్ కట్ట విప్పి ఆకు నలిపి అత్తగారి ముక్కు దగ్గర పెట్టారు టీచరమ్మ. అత్తగారు ఒక్కసారి తల వెనక్కి తీసుకున్నారు.

"ఓలమ్మా, ఆవలే ఇది!"

ఆవే మరి. చైనావాళ్ళు కై చోయ్ అనేదీ, మలయ్‌లో సావి పహిత్ అనేదీ, మన పోపులపెట్టెలో ఆవాలదీ ఒకటే జాతి. ఆకుకోసం పెంచినది ఆకు బలిసింది, గింజకోసం పెంచినది గింజ వేసింది, అంతే తేడా. పాక్ చోయ్, చోయ్ సమ్ రకాలు మన టర్నిప్‌కు సొంత చెల్లెళ్ళు. కైలాన్, కేల్, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ కలిపి ఇంకో ఒకే జాతి. 1935లో ఊ జాంగ్‌చున్ అనే కొరియా మూలాలున్న శాస్త్రవేత్త జపాన్‌లో ఉంటూ తేల్చిన సంగతి ఇంకా బాగుంటుంది: పాక్ చోయ్ జాతీ, నల్ల ఆవ జాతీ కలిసి పుట్టిన బిడ్డే మన ఆవ మొక్క. అంటే మెల్‌బోర్న్ మార్కెట్లో ఆవిడ చూసి పరాయి ఆకు అనుకున్నది మన ఆవాలకు తల్లివైపు చుట్టం.

మా ఇళ్ళల్లో ఆవ లేనిదే పూట గడవదు. పోపులో ఆవ, ఆవకాయలో ఆవ, పనసపొట్టులో ఆవ. ఆకు మాత్రం మేమెవరం తిని ఎరగం. ఉత్తరాదివాళ్ళు సర్సోం కా సాగ్ అని ప్రాణం పెడతారు. మా ఇంట్లో ఆ కుటుంబంలో తిన్న ఆకు ముల్లంగి ఆకు ఒక్కటే, అదీ పారెయ్యలేక పప్పులో వేసినప్పుడు.

ఆ పూట కైలాన్‌కు అత్తగారు ఆవ పెట్టారు. ఆవాకు చుట్టానికి ఆవ పెట్టడమేమిటని నేను నవ్వాను గానీ, తిన్నాక నవ్వలేదు. ఎలాగంటే: కట్టను ఉప్పునీళ్ళలో పది నిమిషాలు ఉంచండి, పురుగులుంటే పైకి తేలతాయి. లావు కాడలకు చెక్కు తీసి, వేలు పొడుగు ముక్కలు కొయ్యండి. ఆకు వేరేగా తరగండి. నూనెలో మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు వేసి, ముందు కాడలు, నాలుగు నిమిషాలాగి ఆకు. పసుపు, ఉప్పు, చెంచాడు చిక్కటి చింతపండు రసం. మూత పెట్టొద్దు, పచ్చదనం పోతుంది. ఈలోపు చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి నానబెట్టినవి కాసిని నీళ్ళతో మెత్తగా నూరుకోండి. కూర దించి, వేడి కాస్త తగ్గాక ఆ ముద్ద కలపండి. పొయ్యిమీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. అరగంట ఊరనిచ్చి తింటే ముక్కులోకి ఘాటు ఎక్కాలి.

ఇందులో ఒక చిన్న శాస్త్రం ఉంది. ఈ కుటుంబపు మొక్కల్లో ఘాటు ముందే తయారై ఉండదు. రెండు పదార్థాలు వేరువేరు గదుల్లో ఉంటాయి. నమిలినా, నూరినా గోడలు పగిలి అవి కలుస్తాయి, ఘాటు పుడుతుంది. పురుగును తరిమేందుకు మొక్క పెట్టుకున్న ఏర్పాటు అది. (డైమండ్ బ్యాక్ మాత్‌కు మాత్రం ఈ వాసనే విస్తరి వేసి పిలిచినట్టు.) మనుషుల ఒంటికి మంచిదని చెప్పుకునేది కూడా ఈ ఘాటు పదార్థాలనే. ఆకును బాగా ఉడికిస్తే అందులోని ఎంజైము చచ్చిపోతుంది. 2013లో ఇంగ్లండ్‌లో రెడింగ్ యూనివర్సిటీవాళ్ళు ఉడికించిన బ్రకోలీకి ఆవపొడి కలిపి చూస్తే, ఆవలోని ఎంజైము వల్ల ఆ పదార్థం మళ్ళీ బాగా తయారైంది. మన అమ్మమ్మలకు ఇదంతా ముందే తెలుసని నేననను. దించాక కలిపితే చేదు రాదని తెలుసు వాళ్ళకు. అదీ చిన్న విషయమేం కాదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

క్రిందటేడు నాకు ఎముకల స్కాన్ చేస్తే సాంద్రత తగ్గిందన్నారు. అప్పటినుంచి కాల్షియం గురించి దొరికిందల్లా చదువుతున్నాను. పాలకూరలో కాల్షియం బోలెడని మనం అనుకుంటాం. ఉంది, కానీ ఆక్సలేట్లు దాన్ని పట్టుకుని వదలవు. నూటికి అయిదు పాళ్ళే ఒంటబడుతుంది. తోటకూరలోనూ ఆక్సలేట్లు ఎక్కువే. కేల్‌లో అవి తక్కువ. 1990లో అమెరికాలో పరీక్షించి చూస్తే కేల్‌లో కాల్షియం నూటికి నలభై పాళ్ళదాకా, పాలలోదానికి తీసిపోకుండా ఒంటబట్టింది. కైలాన్, పాక్ చోయ్, ఆవాకు కూడా ఆ కోవలోవే. ఇది చదివి నాకు పూనకం వచ్చింది. అత్తగారికి డెబ్భై రెండు, ఆవిడ ఎముకలూ గట్టిపడాలి కదా. ఆంటీ దగ్గర రెండు బుట్టలు చెప్పాను. పొద్దున్న పప్పులో సావి, మధ్యాహ్నం కైలాన్ కూర, రాత్రి చపాతీలోకి ఆవాకు. మొదటిరోజు ముక్కు విరిచిన ఆవిడే "ఇంకో గరిటెయ్యే" అనేదాకా వచ్చారు. ఎంత సంబరపడ్డానో.

అత్తగారికి పదకొండేళ్ళ క్రితం గుండెలో కవాటం మార్చారు. లోహపు కవాటం. రోజూ రక్తం పలచబడే మాత్ర వేసుకోవాలి. ఇక్కడ వార్ఫరిన్ ఇస్తారు, మన ఊళ్ళలో ఎక్కువగా ఎసిట్రోమ్. నెలకోసారి ఐఎన్ఆర్ పరీక్ష. ఆవిడకు అది 2.5కూ 3.5కూ మధ్య ఉండాలి. వచ్చేముందు 2.9 ఉంది. ఇక్కడికొచ్చిన అయిదో వారంలో చేయిస్తే 1.6.

డాక్టరమ్మ కాగితం చూసి మాత్రలు మానేశారా అని అడిగారు. లేదన్నాం. ఇంకేమైనా కొత్త మందులు? లేవు. "తిండిలో ఏమైనా మార్పు?" అని అడిగితే అత్తగారు నేను చెప్పేలోపే నా చెయ్యి పట్టుకుని గర్వంగా అన్నారు: "మా కోడలు మూడు పూటలా ఆకుకూర పెడతందమ్మా, నువ్వు చెప్పు ఆవిడకి."

నేనే తర్జుమా చెయ్యాల్సి వచ్చింది. ఆ మాటలు నా నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమైంది.

ఈ ఆకుల్లో కె విటమిన్ చాలా ఎక్కువ. రక్తం గడ్డకట్టడానికి కావలసింది అదే. వార్ఫరిన్, ఎసిట్రోమ్ పని చేసేది దాని పనిని అడ్డుకునే. ఆకు ఒక్కసారిగా పెంచితే మాత్ర బలం చాలదు. లోహపు కవాటంమీద గడ్డ ఏర్పడితే అది మెదడుకు పోవచ్చు. తోటకూరలోనూ కె విటమిన్ ఉంది, అనకాపల్లిలో వారానికి రెండుసార్లు తినేవారు. ఆ మోతాదుకు అక్కడి డాక్టరు మాత్ర కుదిర్చారు. నేను దాన్ని వారానికి ఇరవైసార్లు చేశాను. ఎవరినీ ఒక్క మాట అడగకుండా.

ఆ రాత్రి నేను బుట్ట మానేస్తానన్నాను. డాక్టరమ్మ చెప్పింది అది కాదు. ఆకుకూర మానమనలేదు. మానేస్తే మళ్ళీ అటువైపు తూగి రక్తస్రావం భయం. వారం వారం ఇంచుమించు ఒకే మోతాదు తినండి, మాత్ర సంగతి మేం చూసుకుంటాం అన్నారు. కొద్దిరోజులకు మోతాదు మార్చి, వారంలో మళ్ళీ పరీక్ష చేశారు. 2.3. ఇంకో వారానికి 2.7. ఆ రెండు వారాలూ అత్తగారి మాట కాస్త తడబడినా, చెయ్యి తిమ్మిరెక్కిందన్నా నాకు గుండె ఆగిపోయినంత పనైంది. ఆవిడ మాత్రం మామూలుగానే ఉన్నారు. "నువ్వు మంచికే పెట్టావు, కడుపునిండా తిన్నాను" అన్నారు. దానికి నాకు ఏడుపొచ్చింది.

కాబట్టి మీ ఇంటికి వచ్చిన అమ్మకో అత్తగారికో నాన్నగారికో ఈ మాత్రలుంటే, కొత్త ఆకు మొదలుపెట్టే ముందు వాళ్ళ డాక్టరుకు చెప్పండి. మాత్ర మీరు మాత్రం తగ్గించొద్దు, పెంచొద్దు. కొత్త రకం రక్తం పలచబడే మందులు, అపిక్సబాన్ లాంటివి, వాడేవాళ్ళకు ఈ పేచీ లేదు. మాత్ర పేరు చూసుకోండి. ఇంకొకటి, థైరాయిడ్. క్యాబేజీ కుటుంబం తినొచ్చా అని ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు. అయోడిన్ ఉప్పు వాడుతూ, వండుకుని మామూలుగా తింటే భయం లేదు. పచ్చి కేల్ రసం గ్లాసులకు గ్లాసులు తాగడం వేరే సంగతి, అది నేనెవరికీ చెప్పను.

అత్తగారికి రోజుకు ఒక గిన్నెడు వండిన ఆకు అని లెక్క పెట్టుకున్నాం. బుట్ట ఒకటే ఉంచుకున్నాం. వారానికి ఒక్క బుట్టే వస్తుంది కాబట్టి మోతాదు దానంతటదే కుదిరింది. అసలు ముందునుంచీ అలాగే ఉంటే సరిపోయేది.

ఇంతలో బుట్టకే గండం వచ్చింది. వరసగా వానలు పడి ఆకు బాగా చిల్లులు పడింది. కాండో వాట్సాప్ గ్రూపులో ఒకరు ఫొటో పెట్టారు. ఇంకొకరు "ఈ డబ్బుకు సూపర్ మార్కెట్లో అద్దంలాంటి ఆకు వస్తుంది" అన్నారు. పద్ధెనిమిది బుట్టలు తొమ్మిదయ్యాయి. పన్నెండు లేకపోతే డీజిల్ ఖర్చు రాదని ఆంటీ అన్నారు. నేను గ్రూపులో పొడుగాటి మెసేజీ రాశాను, ఎవరూ చదవలేదు. అత్తగారు, టీచరమ్మ కలిసి శనివారం పొద్దున్న గేటు దగ్గర నిలబడ్డారు. చేతిలో ఆవ పెట్టిన కైలాన్ డబ్బా, చెంచాలు. ఒకావిడ మలయ్‌లో, ఒకావిడ అనకాపల్లి తెలుగులో. ఏం చెప్పుకున్నారో, ఇద్దరు మలయ్ అమ్మాయిలు కొత్తగా చేరారు. ఇప్పుడు పదకొండు. ఆంటీ ఇంకా వస్తున్నారు. పన్నెండో ఇంటికోసం చూస్తున్నాం.

అన్నట్టు, బాల్కనీలో జాగా ఉంటే పోపులపెట్టెలో ఆవాలే ఒక కుండీలో చల్లి చూడండి. మాకు మూడోరోజుకు మొలకలొచ్చాయి. ఇక్కడి వేడికి నలభై రోజులు తిరక్కుండానే పసుపు పువ్వులు పూసింది. ఈలోపు నాలుగుసార్లు లేత ఆకు కోసుకున్నాం. మొక్కకు మరీ నీడ పనికిరాదు, నాలుగైదు గంటల ఎండ ఉండాలి.

అత్తగారు వెళ్ళి నెల దాటింది. మొన్న ఫోన్ చేశారు. పెరట్లో ఆవాలు చల్లారట, నాలుగాకులు వేశాయట. మావయ్యగారు మందు కొడదామంటే రాచున్ వద్దన్నారట. ఐఎన్ఆర్ 2.8.

"ఒక గిన్నెడన్నావు కదే, ఏ గిన్నెడు? ఇక్కడ గిన్నెలన్నీ పెద్దవి."

"మనింట్లో కొలిచిన స్టీలు గిన్నె మీ సంచిలోనే పెట్టానత్తయ్యా, చీరల కింద చూడండి" అన్నాను.